మోటుపల్లి శాసనం నుంచి మా ఆటలోకి

ఒంగోలులో మా స్నేహితులం ఆదివారాలు ఆడుకునే, తలా ఒక పాత్రగా మారి కథ నడిపే రోల్ ప్లేయింగ్ ఆటకి ఊళ్లు, రాజ్యాలు రాసే పని నాది. అందులో నాకు అన్నిటికంటే ఇష్టం చట్టాలు రాయడం.

ఈసారి రేవు పట్టణం కావాల్సొచ్చి మోటుపల్లి శాసనం తీశాను. ఆ ఊరు మొన్నటిదాకా మన ప్రకాశం జిల్లాదే, ఇప్పుడు బాపట్లలో కలిసింది. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్లు. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకి అభయమిచ్చాడు. ప్రాణాలకి తెగించి సముద్రం దాటొచ్చేవాళ్ల మీద ఎంత దయ!

దాన్నే కాస్త మార్చాను. మా రేవులో కొట్టుకొచ్చిన సరుకు మొదట చూసినవాడిదే. కానీ ఆ ఓడలో బతికి బయటపడ్డవాళ్లకి ఏడాదిపాటు తిండీ నీడా కూడా వాడే చూడాలి. మిరియాల మూట దొరికిందని ఎగిరి గంతేసిన మావాడికి, చెక్కలు పట్టుకుని తేలుతున్న నలుగురు నావికులు కనిపించారు. ఇంక చూడాలి వాదనలు! "చెక్క మీదున్నవాడు ఒడ్డుకి చేరినట్టా, కాదా?" అని ఒకడు. "మూట మళ్లీ నీళ్లలోకి తోసేయరా" అని ఇంకొకడు. భోజనాల వేళ దాటినా ఎవరూ లేవలేదు.

చట్టం వింతగా ఉంటే చాలదు. ఎవరు అమలు చేస్తారు, ఎవరు తప్పించుకుంటారు, ఎవరి కడుపు కొడుతుంది, ఇవి తేలితేనే ఆ ఊరికి ప్రాణం వస్తుంది.

పాతకాలం ఐస్‌లాండ్‌లో చట్టాలు రాతలోకి రాకముందు, వాటిని గుర్తుపెట్టుకున్న ఒక పెద్దాయన ఏటా మూడోవంతు చొప్పున పెద్ద సభలో నోటితో చెప్పేవాడు. ఆ పెద్దాయనకి జ్ఞాపకం తప్పితే ఏమవుతుందో వచ్చే ఆదివారం ఆటలో పెడుతున్నాను.