భోపాల్ మట్టి సంగతి

నేను బోరు పాయింట్లు పెడతాను. ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటుందో మీటరులో చూస్తాను. గట్టి బండ ఉంటే రీడింగు ఎక్కువ, తడి ఉంటే తక్కువ. మా పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల పక్క పొలాల్లో రీడింగు మరీ పడిపోతే రైతు సంబరపడతాడు, నాకు టెన్షన్ మొదలవుతుంది. రసాయనాలు, ఉప్పులు కలిసిన నీళ్లలోనూ కరెంటు అలాగే సులువుగా పోతుంది. పక్క బోరు నీళ్లు టెస్టు చేయించాకే పాయింటు ఇస్తాను.

భోపాల్‌లో మూతపడ్డ యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ ఆవరణలో పాతిన వ్యర్థాలను మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు వెతికింది కూడా ఈ పద్ధతితోనే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీతో కలిసి 2010లో వాళ్లు తేల్చిన లెక్క: విషం పట్టిన మట్టి సుమారు 11 లక్షల టన్నులు.

2025 జనవరిలో అక్కడి నుంచి 12 కంటైనర్లలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పారిశ్రామిక పట్టణం పీథంపూర్‌కు తరలించి, జూన్ ఆఖరుకల్లా కాల్చేసింది 337 టన్నులు. భోపాల్ పీడ విరగడైందని అందరూ అంటుంటే నాకు కడుపు మండింది. అది షెడ్డులో మూటలు కట్టి ఉంచిన సరుకు. నేలలోది నేలలోనే ఉంది.

1984లో ఆ ఫ్యాక్టరీ నుంచి లీకైన విష గ్యాసుకూ దీనికీ సంబంధం లేదు. అంతకు ముందు ఏళ్ల తరబడి పురుగుమందుల వ్యర్థాలను ఆవరణలోనే గుంతల్లో పోశారు, 1977 నుంచి బయటి చెరువుల్లో ఆరబెట్టారు. అవి వానలకు ఇంకి చుట్టుపక్కల బస్తీల నీళ్లలో కలిశాయి. ఆ బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి నేలకు ఒకటే మందు ఉండదు. క్లోరిన్ ఉన్న పురుగుమందులు బాగా ఎక్కువ వేడికి విరిగిపోతాయి. పాదరసం విరగదు, ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పట్టి చల్లార్చకపోతే మట్టిలోది గాలిలోకి వెళ్తుంది, అంతే. అందుకే ఏ మూల ఏముందో, ఎంత లోతుందో ముందు తెలియాలి. విషం ఎక్కువున్న మట్టిని తవ్వి శుద్ధి చేయాలి, మిగతాదాన్ని అడుగున బంకమట్టి, షీట్లు పరిచిన గుంతలో మూసిపెట్టాలి. ఇదంతా అయ్యేలోపు వాన నీరు ఇంకకుండా పైన కప్పు వేయాలి. నన్నడిగితే ఆ కప్పు ఎప్పుడో పడాల్సింది.

కలుషిత స్థలాలపై కేంద్రం 2025 జూలైలో రూల్స్ తెచ్చింది. పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలని అందులో ఉంది. నేను దానికి ఇంకొకటి కలపమంటాను: ప్రతి స్థలం దగ్గరా ఏ లోతులో ఏముందో ఆ ఊరి భాషలో బోర్డు రాసి పెట్టాలి, ఏటా వానాకాలం ముందూ తర్వాతా బోర్ల నీళ్లు పరీక్షించి ఆ అంకెలు కూడా దాని మీదే రాయాలి.