ఎఫెసస్ మైదానంలో సన్యాసులకు పెట్టిన షరతు

బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య) చరిత్రలో మిఖాయేల్ లఖనోద్రాకోన్ అనగానే పటాల పూజకు, అంటే క్రీస్తు, సాధువుల బొమ్మలను పూజించడానికి, బద్ధశత్రువుగానే చెబుతారు. ఆయన చేసిన పనులు వరసపెట్టి చూస్తే మాత్రం, అసలు గురి పటాల మీద కాదు, మఠాల మీదేనని గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పటి టర్కీ పడమటి భాగంలోని థ్రకేసియన్ రాష్ట్రానికి ఆయన గవర్నర్. నియమించింది ఐదో కాన్‌స్టంటైన్ చక్రవర్తి. అక్కడ గవర్నరంటే సేనాని కూడా, కాబట్టి చెప్పిందే శాసనం. అప్పటికే 766 ఆగస్టులో రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లోని గుర్రప్పందేల మైదానంలో సన్యాసుల చేత తలా ఒక ఆడమనిషి చెయ్యి పట్టించి, జనం ఉమ్మేస్తుండగా నడిపించారు. గవర్నర్‌కి దారి చూపింది అదే.

770-71లో తన రాష్ట్రంలోని సన్యాసులనీ సన్యాసినులనీ ఎఫెసస్‌కి పిలిపించి, గుర్రాల మీద బంతాట ఆడే మైదానంలో నిలబెట్టాడు. చక్రవర్తి మాట వినేవాళ్లు నల్లబట్టలు వదిలి తెల్లవి కట్టుకుని అప్పటికప్పుడు పెళ్లాడాలి. కాదంటే కళ్లు పీకించి సైప్రస్‌కి పంపేస్తారు. ఈ షరతులో పటాల ఊసే లేదు చూడండి! చాలామంది లొంగారు, చాలామంది శిక్షకే సిద్ధపడ్డారు.

మరుసటి ఏడు ఆస్తుల వంతు. ఈ పని మీద వెళ్లిన ఇద్దరి పేర్లూ లియోనే. ఒకడు గవర్నర్ దగ్గరి గుమస్తా, రెండోవాడు మాజీ మఠాధిపతి. మఠాల లోగుట్టు తెలిసిన మనిషినే పంపడంలో ఉంది కిటుకంతా. మఠాలు, పూజాపాత్రలు, పుస్తకాలు, పశువులు అన్నీ అమ్మి డబ్బు చక్రవర్తికి పంపారు. సన్యాసుల గ్రంథాలు, సాధువుల అస్థికలు దొరికితే తగలబెట్టారు. కొందరి గడ్డాలకు నూనె, మైనం పూసి నిప్పంటించారట.

ఇదంతా రాసింది థియోఫానెస్ అనే చరిత్రకారుడు. ఆయన స్వయంగా సన్యాసి, పటాల పక్షం, రాసిందేమో 40 ఏళ్ల తర్వాత. పైగా ఈ భాగంలో ఆయన సంవత్సరాల లెక్క ఒక ఏడు వెనకబడి ఉంటుంది, సరిచూడకుండా తేదీలు ఎత్తి రాస్తే తప్పుతాయి. రాష్ట్రంలో ఒక్క సన్యాసీ మిగల్లేదన్న ఆయన మాట అతిశయోక్తే. అమ్మకాల వివరాలు మాత్రం నమ్మదగ్గవి. ఎవరు వెళ్లారు, ఏమేం అమ్మారు, సొమ్ము ఎక్కడికి చేరింది అన్నంత వివరంగా కోపంతో కల్పించేవాళ్లు రాయరు.

787లో నికేయాలో జరిగిన క్రైస్తవ మతసభ పటాల పూజను మళ్లీ నిలబెట్టినా లఖనోద్రాకోన్ కనుమరుగు కాలేదు. 790లో ఐరీన్ రాణికి ఎదురుగా ఆమె కొడుకు ఆరో కాన్‌స్టంటైన్ పక్షాన నిలిచి, 792లో మార్కెల్లై (ఇప్పటి బల్గేరియాలోని కోట) దగ్గర బల్గర్లతో యుద్ధంలో చనిపోయాడు.