పక్కింటావిడ పూర్వీకుడి పింఛను కాగితాల కోసం నేను పడ్డ పాట్లు

మేముండేది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో, హోవిక్ దగ్గర. పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. నాది సికింద్రాబాద్ అని తెలిసిన రోజే, "మా ముత్తాత వాళ్ళ నాన్న మీ ఊళ్ళోనే ఉండేవాడంటారు, నిజమో కాదో కాస్త చూసిపెడతావా" అని అడిగింది. ఆయన 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధంలో పోరాడిన ఆఫీసరనీ, ఇండియా అంతా తిరిగి 1847లో ఇక్కడికి ఓడలో వచ్చాడనీ వాళ్ళింట్లో చెప్పుకుంటారట. రెండు వారాల్లో తేల్చేస్తానన్నాను. ఏడు నెలలు పట్టింది.

1847, ఆక్లండ్ అనగానే ఇక్కడ ఎవరికైనా గుర్తొచ్చేది ఫెన్సిబుల్స్ అనే బ్రిటిష్ పటాలం. ఆక్లండ్‌కి కాపలా కావాలని గవర్నర్ జార్జ్ గ్రే అడిగితే, అప్పటికే పింఛను తీసుకుంటున్న పాత సిపాయిల్నే పెళ్ళాం పిల్లలతో సహా ఓడెక్కించి పంపారు. 1847 ఆగస్టులో వచ్చిన రామిలీస్‌తో మొదలై 1852 దాకా మొత్తం పది ఓడలు. ఏడేళ్ళు ఇక్కడే ఉండాలి, ఏడాదికి 12 రోజులు డ్రిల్లు చెయ్యాలి, ఆదివారం చర్చి పరేడుకి రావాలి, అందుకు బదులుగా ఒక ఎకరం నేల, రెండు కుటుంబాలకి మధ్యగోడ ఒకటే ఉన్న చెక్క ఇల్లు. ఏడేళ్ళు నిండితే రెండూ సొంతం. పింఛను ఎలాగూ వస్తుంది. తీరా దిగేసరికి చాలామందికి ఇళ్ళే తయారుగా లేవు, రౌపో గడ్డితో వేసిన గుడిసెల్లో సర్దుకున్నారు. ఒనెహుంగా, ఓటహుహు, పన్మ్యూర్, హోవిక్... నాకు ఇన్నాళ్ళూ బస్సు బోర్డుల మీద పేర్లే, అవన్నీ ఆ పింఛనుదార్లని దింపిన ఊళ్ళట.

వాటర్లూ కథ మీద అప్పుడే అనుమానం వచ్చింది. చేర్చుకునేటప్పుడు 48 ఏళ్ళు దాటకూడదని షరతు ఉంది. ఆ లెక్కన 1815లో ఆయనకి మహా అయితే పదహారు. ఆ వయసులో వాటర్లూ ఆఫీసరా?

ఇక నేను చేసిన పెద్ద తప్పు, పేరు పట్టుకుని వెళ్ళడం. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 97 అనే వరసలో సిపాయిల డిశ్చార్జి కాగితాలుంటాయి, వాటి సూచిక ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఆ పేరుతో పదకొండు మంది తేలారు. వయసు సరిపోయిందని ఒక ఐర్లండ్ ఆయన్ని ఖాయం చేసుకుని, రెండు నెలలు ఆయన చరిత్రంతా తవ్వి, ఆవిడకి చెప్పి, ఆవిడ వాళ్ళమ్మాయికి చెప్పాక తెలిసింది, ఆ పెద్దమనిషి 1850ల్లో కూడా కార్క్‌లోనే పింఛను తీసుకుంటున్నాడని. ఐర్లండ్ దాటిందే లేదు. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వారమే మా నాన్న ఫోన్లో లైఫ్ సర్టిఫికెట్ గొడవ చెప్తున్నారు, నవంబరు వస్తే మామూలే. బతికున్నామని ఏటా రుజువు చూపించాలి. అప్పుడు వెలిగింది. పింఛను ఇచ్చే సర్కారుకి మనిషి ఎక్కడున్నాడో, పోయాడో లేదో తెలియాలి కదా. ఆ లెక్కలే డబ్ల్యూఓ 22. న్యూజిలాండ్ పట్టీలు తీస్తే, పేరు పక్కన పటాలం నంబరు, రోజుకి ఇంత అని పింఛను రేటు. పటాలం 55వది. ఆ పేరుతో 55లో ఉన్నది ఒక్కడే!

డిశ్చార్జి కాగితంలో ఎత్తు, కళ్ళ రంగు కూడా రాసి ఉన్నాయి. చేరకముందు వృత్తి కూలి పని. ఈస్ట్ ఇండీస్‌లో, అంటే ఇండియా వైపు, పదేళ్ళు, తర్వాత చైనా యుద్ధం. పంపించేయడానికి కారణం 'వోర్న్ ఔట్' అట, అంటే అరిగిపోయాడన్నమాట, చెప్పుల గురించి రాసినట్టు. అప్పటికి నలభై కూడా లేవు. సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు.

ఈస్ట్ ఇండీస్ అంటే ఏ ఊరో తేలాలంటే మస్టర్ రోల్, అంటే పటాలం హాజరు పట్టీ చూడాలి, డబ్ల్యూఓ 12. నాక్కావలసినవి ఆన్‌లైన్‌లో దొరకలేదు, డబ్బు కట్టి కాపీలు తెప్పించుకున్నాను. ఒకసారి తప్పు ఏడాది అడిగి ఆ డబ్బులు వదిలించుకున్నాను కూడా. 1834లో కూర్గ్ యుద్ధానికి వెళ్ళిన పటాలం ఇది. నేను తెప్పించిన పేజీల్లో మకాం బళ్ళారి. సికింద్రాబాద్ మాట ఎక్కడా లేదు. అయినా మన దత్తమండలం ఎండలోనే కదా ఆయన అరిగింది.

కాగితాలు పట్టుకెళ్ళేటప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను, ఆఫీసరు కాస్తా వేలిముద్ర బాపతు అయ్యాడని ఎలా చెప్పాలో తెలియక. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఇంటూ గుర్తుని చాలాసేపు చూసి, "ఆఫీసరని పుట్టించింది మా పెద్దత్తే, ఆవిడ అన్నీ అలాగే చెప్పేది" అని పకపకా నవ్వింది. తర్వాత ఓడ జాబితా ముందుకి జరిపి, అందులో 'భార్య' అని ఊరికే రాసి ఉన్నావిడ ఎవరో కనుక్కోమంది. పెళ్ళి మద్రాసు వైపు జరిగి ఉంటే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న చర్చి రిజిస్టర్లలో దొరకాలి. ఈసారి ఎన్ని వారాలో చెప్పలేదు నేను.