ఏ4 ఏ6 60 92 ఏ6 ఏ6

స్క్రీన్ మీద ఈ ఆరు బైట్లు పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) ఇంటి మీదుగా పోతోంది. నా రేడియోలో 145.825 మెగాహెర్ట్జ్ మీద గరగర. ఆ చప్పుడుని డైర్ వుల్ఫ్ అనే సాఫ్ట్‌వేర్ బైట్లుగా మార్చి ఇస్తుంటే నా పైథాన్ కోడ్ అందుకుంటోంది.

ఒక్కో బైటునీ ఒక బిట్ కుడికి జరిపా. ఆర్ఎస్0ఐఎస్ఎస్! స్టేషన్ కాల్‌సైన్, అంటే దాని రేడియో పేరు. హామ్ రేడియోలో డేటా పంపే పద్ధతి ఏఎక్స్.25లో కాల్‌సైన్ అక్షరాలన్నీ ఒక గడి ఎడమకి జరిగే వస్తాయి. మిగిలిన ఆ చివరి బిట్ 'అడ్రస్ ఇక్కడితో అయిపోయింది' అని చెప్పడానికి. ఎంత పొదుపో చూడండి!

రెడీమేడ్ లైబ్రరీ దించుకుంటే ఒక్క లైన్లో తేలిపోయేది, నిజమే. కానీ ఈ మజా ఏదీ?

వేగం మాత్రం సెకనుకి 1200 బిట్లే. ఒక వాట్సాప్ ఫోటో దిగేలోపు స్టేషనే దిగంతం దాటేస్తుంది.

రేపు తెల్లారుజామున ఇంకో పాస్ ఉంది, అంటే స్టేషన్ మళ్ళీ మన మీదుగా పోతుంది. హామ్ రేడియో మిత్రులెవరైనా లేస్తారా?