డాక్టరు లేని క్లినిక్: టెక్సస్ స్కూల్లో నర్సు పని

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో వార్డుల్లో పనిచేసి, ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష) రాసి, టెక్సస్‌లో ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు తెచ్చుకున్న మనవాళ్లలో కొందరు నైట్ డ్యూటీలు పడలేక స్కూలు ఉద్యోగాలకు మారుతుంటారు. వేసవి సెలవులు దొరికే మాట నిజమే. పని తేలికన్నది మాత్రం అపోహ. వార్డులో ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు వస్తారు. ఇక్కడ డాక్టరు ఉండరు, డాక్టరు సంతకం చేసిన కాగితం ఉంటుంది. ఆ కాగితం ఫైల్లో లేకపోతే, డాక్టరు రాయాల్సిన మందు బీరువాలో ఉన్నా ఇవ్వడానికి వీల్లేదు. అందుకే ఆగస్టులో చేసే కాగితాల పనే ఏడాదంతా కాపాడుతుంది.

వాటిలో అన్నిటికన్నా ఓపిక కావాల్సింది టీకాల రికార్డులకు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లల కార్డులు చదవడంలో మనకున్న వీలు తోటి నర్సులకు ఉండదు, అలాంటి కార్డులు నింపిన చేతులే మనవి. మొదట తేదీ చూడాలి. 05/07/2019 అంటే మనకు జులై 5, ఇక్కడి కంప్యూటర్‌కు మే 7. ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) మొదటి డోసు మొదటి పుట్టినరోజు నాడో, ఆ తర్వాతో పడాలి కాబట్టి ఈ రెండు నెలల తేడాతోనే డోసు చెల్లడమో చెల్లకపోవడమో తేలిపోతుంది. నెలను అక్షరాల్లో రాసుకోవడం మంచిది.

తర్వాత, మన ప్రభుత్వ టీకాల పట్టికలో 9 నెలలకు, మళ్లీ 16–24 నెలల మధ్య ఇచ్చేది ఎమ్మార్ (తట్టు, రుబెల్లా). అందులో గవదబిళ్లల టీకా లేదు. టెక్సస్ కిండర్‌గార్టెన్‌కు అడిగేది రెండు ఎమ్మెమ్మార్ డోసులు. ఆటలమ్మ టీకా రెండు, హెపటైటిస్ ఎ రెండు కూడా కావాలి. ప్రైవేటులో వేయించుకోనివాళ్ల కార్డులో ఈ రెండూ కనిపించవు. పోలియో చుక్కలది ఇంకో చిక్కు. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల్లో మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండింటికే రక్షణ ఉంటుంది కాబట్టి అమెరికాలో వాటిని లెక్కలోకి తీసుకోరు. పల్స్ పోలియోకు ప్రతిసారీ తీసుకెళ్లిన తల్లికి ఈ సంగతి మెల్లగా చెప్పాలి, ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. పెంటావాలెంట్ అని ఉన్నచోట అందులో డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా) కూడా ఉందని గుర్తించి నమోదు చేయాలి. చాలామంది క్లర్కులు అక్కడే వదిలేస్తారు. వయసుకు తగిన ప్రతి టీకా కనీసం ఒక్కో డోసు పడి, తర్వాతి డోసుకు ఇంకా గడువు ఉంటే తాత్కాలికంగా చేర్చుకోవచ్చు. ఈ ముక్క జూన్‌లోనే తెలిస్తే ఆ తల్లిదండ్రులకు ఆగస్టులో పరుగులు తప్పుతాయి.

మందుల విషయానికొస్తే, బ్యాగులో క్రోసిన్ సీసా పెట్టి పంపితే తీసుకోలేం. ఒరిజినల్ లేబుల్ ఉన్న సీసా, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి రెండూ ఉండాలి. విదేశీ మందులను చాలా స్కూల్ డిస్ట్రిక్టులు అసలే ఒప్పుకోవు. దీనికి గట్టి కారణమే ఉంది. ఇక్కడి పిల్లల సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 160 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. మన దగ్గర 120 ఉన్నవీ దొరుకుతాయి, 250 ఉన్నవీ దొరుకుతాయి. 22 కిలోల పిల్లకు కిలోకు 15 చొప్పున 330 మిల్లీగ్రాములు చాలు. ఇక్కడి సిరప్ 10 ఎం.ఎల్. పోసే అలవాటుతో 250 ఉన్న సీసాలోంచి అంతే పోస్తే 500 పడుతుంది. ‘ఎన్ని ఎం.ఎల్. పోశారండీ’ అని అడిగితే సరిపోదు, సీసా లేబుల్ ఫొటో పంపమనాలి. పొద్దున 7కి మందు పోసి పంపిన పిల్లలకు 11, 12 గంటలకల్లా జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. 100 డిగ్రీలు దాటితే ఇంటికే. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే మళ్లీ రానివ్వాలి.

రోజూ గడియారం చూసుకుంటూ చేసేది టైప్ 1 డయాబెటిస్ పని. ఉదాహరణకు డాక్టరు ఇచ్చిన ప్లాన్‌లో 15 గ్రాముల కార్బ్‌కు (పిండిపదార్థానికి) 1 యూనిట్ ఇన్సులిన్, షుగర్ టార్గెట్ 120, ఆ పైన ప్రతి 50కి 1 యూనిట్ అని ఉందనుకోండి. లంచ్‌కు ముందు షుగర్ 220, డబ్బాలో ఒక కప్పు పులిహోర. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల కార్బ్ కాబట్టి 3 యూనిట్లు, ఎక్కువున్న 100కు 2, మొత్తం 5. క్యాఫెటీరియా భోజనానికైతే కార్బ్ లెక్క మెనూలోనే దొరుకుతుంది, ఇంటి డబ్బాకు దొరకదు. అందుకే అమ్మను కప్పుతో కొలిచి మూతమీద గ్రాములు రాసి పంపమనాలి. బెడిసికొట్టేది ఎక్కడంటే, ఇన్సులిన్ పడ్డాక పిల్లాడు కబుర్లలో పడి సగం వదిలేస్తాడు, వెంటనే పీ.ఈ. (ఆటల) క్లాసు. షుగర్ 70 కిందికి పడిపోతే అర కప్పు జ్యూస్, అంటే 15 గ్రాములు, ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తగ్గిన షుగర్‌తో పిల్లాణ్ని ఒంటరిగా క్లినిక్‌కు నడిపించకూడదు, మనమే క్లాసుకు వెళ్లాలి.

పల్లీ ఎలర్జీ గురించి మన ఇళ్లలో ఇంకా తేలిగ్గా తీసుకుంటారు. పులిహోరలో, చట్నీలో, పొడుల్లో పల్లీ ఉంటుందన్నది టీచర్లకు తెలియదు, చెప్పాల్సింది మనమే. దద్దుర్లతో పాటు వాంతులో, ఆయాసమో, గొంతు బిగుసుకోవడమో కనిపిస్తే ముందు బెనడ్రిల్ (ఇక్కడ అది ఎలర్జీ మందు) ఇచ్చి చూద్దామనుకోవడమే పెద్ద పొరపాటు. ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇంజెక్షన్‌దే మొదటి స్థానం. 15 నుంచి 30 కిలోల వరకు 0.15 మిల్లీగ్రాముల పెన్, ఆపైన 0.3. ఎపిపెన్ అయితే నీలం మూత లాగేసి, నారింజ కొనను తొడ బయటి పక్కన, బట్టల మీదుగానే, టక్కుమని నొక్కి 3 సెకన్లు పట్టుకోవాలి. కాలు కదలకుండా ఇంకొకరు పట్టుకోవాలి. ఒకరిని 911కు ఫోన్ చేయమనాలి, అమ్మానాన్నలకు ఆ తర్వాత. పిల్లను పడుకోబెట్టాలి, లేపి నడిపించొద్దు. 5–15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది.

కడుపునొప్పులు లెక్కలేనన్ని వస్తాయి, పరీక్షల రోజున మరీను. ఒక్కసారి ఎగరమనండి. నవ్వుతూ ఎగిరితే సాధారణంగా అపెండిక్స్ గురించి అంత కంగారు అక్కర్లేదు. వంగి నడుస్తూ, కుడివైపు కింద చెయ్యి పెట్టనివ్వకపోతే ఆలస్యం చేయొద్దు. ఇన్‌హేలర్ రెండు వారాలు వాడకుండా ఉంటే ముందు గాలిలోకి కొట్టి సిద్ధం చేయాలి, లేదంటే మొదటి పఫ్‌లో మందు సరిగా రాదు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) తప్పనిసరి. పేలు కనిపిస్తే 48 గంటల్లో ఇంటికి రాతపూర్వకంగా తెలపాలన్నది ఇక్కడి ఎలిమెంటరీ స్కూళ్లకు చట్టం.

ఫీల్డ్ ట్రిప్ రోజున మందుల సంచి టీచరు భుజానే ఉండాలని గట్టిగా చెప్పండి. ఎపిపెన్‌ను 20–25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, టెక్సస్ ఎండలో ఆగి ఉన్న బస్సు అంతకన్నా చాలా ఎక్కువ కాగుతుంది. సంచిలో ప్రతి పిల్లాడి ప్లాన్ కాపీ, మందు, పేరు ఉండాలి. ఇచ్చేటప్పుడు, తిరిగి తీసుకునేటప్పుడు మనమూ టీచరూ ఇద్దరం లెక్క చూసి సంతకం చేయాలి.