ఓటి పడవ, నాయన దిమ్మె

వేసవిలో కెనడాలోని థండర్ బేలో రాత్రి ఎనిమిదైతే కర్నూలులో తెల్లవారుజాము ఐదున్నర. నేను పని నుంచి వచ్చి, చేతులకు అంటిన సీలెంట్‌ను (సందులు మూసే జిగురు) థిన్నర్‌తో తుడుచుకుని ఫోన్ చేసే వేళకు మా నాయన వాకిట్లో కూర్చుని టీ తాగుతుంటాడు. మొదటి మాట ఎప్పుడూ "తిన్నావా?" రెండో మాట, "ఈ పొద్దు ఏం పని చేసినావు?"

ఆ రెండో మాటకు మొదటి ఏడాదంతా సరైన జవాబు చెప్పలేదు. "వర్క్‌షాప్‌లో మెకానిక్ పని నాయనా" అని సరిపెట్టేవాణ్ణి. అల్యూమినియం పడవల కింద వెల్లకిలా పడుకుని, నీళ్లు కారే రివెట్లు సరిచేస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన నలభై ఏళ్లు కర్నూలు పాతబస్తీలో గిన్నెలకు మాట్లు వేశాడు. బాణలి చెవులు ఊడితే రివెట్లు కొట్టాడు. ఆ పని నాకు రాకూడదనే చదివించాడు, అప్పు చేసి కెనడా పంపాడు.

ఒక పడవ విషయంలో దెబ్బ తిన్నాకే ఆయనకు నిజం చెప్పాను.

థండర్ బే సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఊరి చుట్టూ చిన్న సరస్సులు చాలా ఉన్నాయి. చలికాలం అవన్నీ గడ్డకట్టిపోతాయి. ఏప్రిల్ చివర్లో, మేలో మంచు కరగ్గానే జనం షెడ్లలోంచి పడవలు బయటికి లాగుతారు. అందరికీ ఒకే వారంలో కావాలి. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ పద్నాలుగు, పదహారు అడుగుల అల్యూమినియం పడవలే. తేలిగ్గా ఉంటాయి, రాళ్ల ఒడ్డుకు లాగినా నొక్కులు పడతాయే గానీ పగలవు. వీటిని అతికించే పద్ధతి విమానాల నుంచి వచ్చింది. యుద్ధ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అల్యూమినియం కనూల (తెడ్డుతో నడిపే సన్నని పడవల) తయారీకి దిగింది. రేకు మీద రేకు పెట్టి, బెజ్జం వేసి, రివెట్ దూర్చి, రెండో కొసను అణగగొట్టడమే ఆ పద్ధతి. ఒక్కో పడవకు వందల రివెట్లు ఉంటాయి.

అలల మీద పడవ ఎగిరి పడే ప్రతి దెబ్బా ఆ రివెట్లకు తగులుతుంది. గతుకుల రోడ్డు మీద ట్రైలర్‌లో ఊగినా అంతే. కొన్నేళ్లకు బెజ్జంలో రివెట్ వెంట్రుకవాసి వదులవుతుంది. అది చాలు నీళ్లు రావడానికి. అడుగున మధ్యలో పొడవునా ఉండే కీల్ దగ్గర, లోపలి అడ్డ పట్టీల దగ్గర, మోటారు తగిలించే వెనక పలక మూలల్లో ఎక్కువగా కారుతుంది.

నాకు అప్పగించిన ఆ పడవ యజమాని పెద్దాయన. మనవడితో చేపలకు పోవాలన్నాడు. శనివారానికి ఇచ్చేయమని మా షాపు వాళ్ల తొందర. లోపల చెమ్మ కనిపించిన చోటల్లా సీలెంట్ పూసేయమన్నారు. పూశాను. కింద మట్టి, పాత జిడ్డు పూర్తిగా పోలేదని తెలుసు. ఆరడానికి కావలసినంత సమయం లేదనీ తెలుసు. అయినా పూశాను.

రెండు వారాలకు పడవ తిరిగొచ్చింది. సరస్సు మధ్యలో వెనక భాగంలో నీళ్లు చీలమండల దాకా వచ్చాయట. మనవడు కాఫీ డబ్బాతో తోడిపోస్తుంటే పెద్దాయన మోటారు నడుపుతూ ఒడ్డుకు చేర్చాడట. ఆయన కోప్పడలేదు. ఎలా జరిగిందో అలాగే చెప్పాడు. నాకు మాత్రం ఆ డబ్బా మాట విన్నాక కాళ్లలో సత్తువ పోయింది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర కర్నూలులోకి వచ్చినప్పుడు నాకు పదేళ్లు. రాత్రంతా మిద్దె మీద ఉన్నాం. తర్వాత మమ్మల్ని ఒక రేకు పడవలో ఎక్కించారు. అది ఓటి పడవ. మా అమ్మ ఇంట్లోంచి పట్టుకొచ్చిన ఒకే ఒక్క వస్తువు సత్తు గిన్నె. దాంతోనే దారి పొడుగునా నీళ్లు తోడింది. నేను ఆమె చీర కొంగు పట్టుకుని, పడవలో నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని అదే పనిగా చూస్తూ కూర్చున్నాను. నాయన దుకాణంలో సామాను అంతా బురదలో పోయింది. ఆ పొద్దు కళ్లారా చూసిన నేనే, ఇంకొకరి మనవణ్ణి ఓటి పడవ ఎక్కించాను.

ఆ రాత్రి ఫోన్‌లో అంతా చెప్పేశాను. ఏం పని చేస్తున్నానో, ఏం తప్పు చేశానో. నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మాట ఇది: "ఓటి యాడుందో చూసినావా, చెమ్మ యాడుందో చూసినావా?"

చెమ్మే చూశానని చెప్పాను.

"రెండూ ఒకటి కాదురా. నీళ్లు రేకు సందులో పాకి ఇంకో చోట తేలతాయి. బిందె నిండా నీళ్లు పోసి పొడి బండ మీద పెట్టి చూడమని నీకు చిన్నప్పుడే చెప్పినా కదా. ఇంకోటి చెప్తా విను. బాణలి చెవి ఊగుతుంటే చుట్టూ లప్పం పెడితే నిలుస్తుందా? రివెట్ బిగించాల."

మా షాపులో ముప్పై ఏళ్లుగా పడవల పని చేస్తున్న ఒకాయన మర్నాడు నాకు నేర్పింది కూడా ఇదే. పడవను ట్రైలర్ మీదే ఉంచి, లోపల నీళ్లు పోయాలి. బయటి నుంచి లోపలికి వచ్చే దారినే నీళ్లు లోపలి నుంచి బయటికి పోతాయి. అయితే ఇక్కడ జాగ్రత్త ఉండాలి. లీటరు నీళ్లు కిలో బరువు. పదహారు అడుగుల పడవలో మూడంగుళాలు నిలిపితే మూడు నాలుగు వందల కిలోలు అవుతుంది. అడుగుకు ఆనింపు లేకుండా అంత బరువు పెడితే బాగున్న రివెట్లు కూడా వదులవుతాయి. కింద చెక్క దిమ్మెలు పెట్టి, కొంచెం కొంచెంగా పోశాం. నేను టార్చితో కింద పడుకుని, బొట్టు పడిన ప్రతి రివెట్ చుట్టూ మార్కర్‌తో గుండ్రంగా గీశాను. పదకొండు తేలాయి. నేను సీలెంట్ పూసిన చోట్ల కింద ఉన్నవి వాటిలో నాలుగే.

నీళ్లు తీసేసి ఆరబెట్టాక బిగించే పని. దీనికి ఇద్దరు కావాలి. బయట ఒకరు రివెట్ తలకు సరిపోయే గుంట ఉన్న పనిముట్టుతో గాలి సుత్తి (గాలి ఒత్తిడితో కొట్టేది) పట్టుకోవాలి. లోపల ఇంకొకరు బరువైన ఉక్కు దిమ్మెను రివెట్ కొసకు గట్టిగా ఆనించి పట్టుకోవాలి. దెబ్బకు రివెట్ కాడ ఉబ్బి బెజ్జాన్ని నింపేస్తుంది, కొస అణిగి వెడల్పవుతుంది. రెండు మూడు సెకన్లు చాలు. ఎక్కువ కొడితే అల్యూమినియం గట్టిపడి తల చిట్లుతుంది, చుట్టూ రేకు పలచబడుతుంది. మొదటిసారి దిమ్మె పట్టినప్పుడు నా చెయ్యి దెబ్బకు పక్కకు జరిగింది. కొస వంకరగా అణిగింది. నాయన బాణలి చెవికి రివెట్ కొట్టేటప్పుడు కింద దిమ్మె పట్టుకునేది నేనే. "సుత్తి ఎవడైనా కొడతాడు, దిమ్మె జరగకూడదు" అని అరిచేవాడు. ఇన్నేళ్ల తర్వాత మోచేతులను మోకాళ్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మళ్లీ అలాగే పట్టుకున్నాను.

ఏడు రివెట్లు బిగుసుకున్నాయి. మూడింటి బెజ్జాలు కోలగా సాగిపోయాయి. అలాంటి వాటిని ఎంత కొట్టినా లాభం లేదు. తల మధ్యలో డ్రిల్ వేసి, ఉలితో తల ఎగరగొట్టి, కాడ తోసేసి, బెజ్జాన్ని గుండ్రంగా పెద్దది చేసి లావు రివెట్ వేశాం. కాడ మందానికి ఒకటిన్నర రెట్లు పొడవు అవతలికి పొడుచుకు వచ్చేలా రివెట్ ఎంచుకోవాలి. పొట్టిదైతే తల నిలవదు, పొడుగుదైతే మడత పడుతుంది.

మిగిలింది ఒకటి. అది నేల పలక కింద, నురుగు (ఫోమ్) దిమ్మెల వెనక ఉంది. చెయ్యి పోదు. అక్కడ ఒక వైపు నుంచే వేయగలిగే, కొస మూసి ఉండే పాప్ రివెట్‌ను సీలెంట్‌లో ముంచి వేశాం. బజారులో దొరికే మామూలు పాప్ రివెట్ మధ్యలో బోలుగా ఉంటుంది, దానిలోంచే నీళ్లు వస్తాయి. స్టీలు బోల్టు వేసేస్తే పోదా అని అడిగాను. అల్యూమినియానికి స్టీలు గానీ రాగి గానీ తగిలి, మధ్యలో నీళ్లు చేరితే, అల్యూమినియమే తినేసుకుపోతుందని నాకు నేర్పిన మా షాపు ఆయన చెప్పాడు. వెల్డింగ్ సంగతీ అంతే. పలచని రేకుకు ఆ వేడి తగిలితే పక్క రివెట్లు సడలుతాయి.

సీలెంట్‌ను తప్పు పట్టడం లేదు. బిగించిన రివెట్ మీద, శుభ్రం చేసి గరుకు చేసిన రేకు మీద ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత వేస్తే ఏళ్లు నిలుస్తుంది. ఊగే రివెట్ మీద వేస్తే ఆ ఊగులాటకు తెగిపోతుంది. మా తుంగభద్రలో పుట్టికి తారు బయటి వైపు పూస్తారు, నీళ్లే దాన్ని అల్లికకు అదిమి పెడతాయి. పడవలో లోపల పూసిన దాన్ని నీళ్లు వెనక నుంచి తోస్తాయి. పట్టు లేని పూత ఆ తోపుకు ఊడిరాక ఏమవుతుంది?

మళ్లీ నీళ్లు పోసి రాత్రంతా ఉంచాం. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి చూశాను. కింద సిమెంటు పొడిగా ఉంది. ఆ సీజన్‌లో ఆ పడవ మళ్లీ మా దగ్గరికి రాలేదు. సెప్టెంబర్‌లో పెద్దాయన మనవడితో వచ్చి, చేప పట్టుకున్న ఫోటో చూపించి వెళ్లాడు.

"కెనడా పోయి పడవలకు మాట్లు వేస్తున్నాడంట" అని చుట్టాలు అన్నారని అమ్మ చెప్పింది. అమ్మకు బాధ. నాకు మాత్రం ఆ మాట సరిగ్గానే అన్నట్టు అనిపించింది.

మొన్న డిసెంబర్‌లో సెలవు మీద కర్నూలు వెళ్లాను. నాయన చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతున్నాయి, పని తగ్గించాడు. ఒక రోజు హోటల్ నడిపే ఆయన పెద్ద బాణలి తెచ్చాడు. చెవి ఒకటి ఊగుతోంది, రివెట్ల పక్క నుంచి నూనె కారుతోంది. నాయన సుత్తి నా చేతికిచ్చి, తాను దిమ్మె తీసుకున్నాడు. వణికే చేతిని మోకాలికి ఆనించి, దిమ్మెను బాణలి లోపల రివెట్ కింద సరిగ్గా నిలిపి, "కొట్టు" అన్నాడు. పాత రివెట్లు తీసేసి నాలుగు కొత్తవి వేశాం. దిమ్మె ఒక్కసారి కూడా జరగలేదు.

బాణలి నిండా నీళ్లు పోసి వాకిట్లో నాపరాయి మీద పెట్టాం. నాయన టీ తాగుతూ, అక్కడి గాలి సుత్తి ఎంత బరువుంటుందో, దిమ్మెలు ఎన్ని రకాలో అడిగాడు. చెప్పాను. అరగంటకు బాణలి ఎత్తి, ఇద్దరం వంగి కింద రాయి తడిమి చూశాం.

హోటలాయన డబ్బులిచ్చి, బాణలిని సైకిల్ వెనక కట్టుకుని పోయాడు.