కల్లుప్పులో అయోడిన్ ఎంత?

"ఇస్కపల్లి మడుల్లో పండేది సముద్రపు ఉప్పేగా, దాంట్లో అయోడిన్ లేకుండా ఎట్లా ఉంటుంది?" నెల్లూరు వైపు ఉప్పు మాట వస్తే ఈ ప్రశ్న తప్పదు. లెక్క వేసి చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో లవణాలు 35 గ్రాముల దాకా ఉంటే అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములే. ఆ అయోడిన్ అంతా ఉప్పులోకి దిగిందనుకున్నా 10 గ్రాముల కల్లుప్పులో 17 మైక్రోగ్రాములు మించదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150. పైగా అదంతా దిగదు కూడా. మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్‌లో ఎక్కువ భాగం ఉప్పు పేరుకున్నాక మిగిలే చేదునీటిలోనే ఉండిపోతుంది, రైతు ఆ నీటిని బయటికి వదిలేస్తాడు. సైంధవ లవణం, పింక్ సాల్ట్ కూడా ఈ విషయంలో అంతంత మాత్రమే.

అందుకే ఉప్పుకు పొటాషియం అయోడేట్ కలుపుతారు. 2006 మే నుంచి మన దేశంలో అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదు. అయినా బండి మీద విడి కల్లుప్పు దొరుకుతూనే ఉంది. కొనేవాడి చేతికి వచ్చేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. డాక్టర్లు చెప్పే 5 గ్రాముల ఉప్పు, అంటే సమంగా నింపిన ఒక టీస్పూను, తింటే అలాంటి ఉప్పుతో 75 వస్తుంది. అలాగని ఉప్పు పెంచకండి, బీపీ వస్తుంది. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, సముద్రపు చేపలు, రొయ్యల నుంచి రావాలి. బొమ్మిడాయిల పులుసు రుచికి సాటిలేదు గానీ అది మంచినీటి చేప, వంజరంలో ఉన్నంత అయోడిన్ అందులో ఉండదు.

ఇంట్లో అయోడిన్ పోయేది ఎక్కువగా తేమ వల్ల. మూత లేని డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లితే పైపైన పట్టిన అయోడేట్ కరిగి అడుక్కి జారుతుంది. మూత బిగిసే సీసాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. కూర దించబోయే ముందు ఉప్పు వేస్తే నష్టం తక్కువ. అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతుంది. దాన్ని కడిగి ఎండబెట్టడం మాత్రం వద్దు, అయోడిన్ ఆ కడుగునీళ్లతోనే పోతుంది. మట్టి ఉందనిపిస్తే నీళ్లలో కరిగించి, తేరిన నీటినే కూరలో పోయండి. ఊరగాయలకు మామూలు కల్లుప్పు వాడుకోండి, తప్పేం లేదు. అయోడిన్ ఉప్పు వేస్తే ఆవకాయ పాడవుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకు, అయోడిన్‌తో తయారయ్యే థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో అయోడిన్ ఉండదు, కాబట్టి వాళ్ల వంటలో ఉప్పు ఏదో చూసుకోవడం ముఖ్యం.

ఇక అసలు పొరపాటు చూడండి. థైరాయిడ్ తక్కువైందని తెలియగానే అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు మొదలుపెట్టేవాళ్లున్నారు. అయోడిన్ ఉప్పు తినే ఇళ్లలో ఈ జబ్బుకు ఎక్కువగా కారణం సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేయడం. దానికి అయోడిన్ మందు కాదు, ఎక్కువైతే గ్రంథి ఇంకా మందగించవచ్చు. అలాంటి అయోడిన్ చుక్కల మందు, 5 శాతం లూగాల్ ద్రావణం, ఒక్క చుక్కలోనే 6,000 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది, అంటే నలభై రోజులకు సరిపడా. ఆ జబ్బుకు మందు లెవోథైరాక్సిన్. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వకపోతే మందు ఒంటికి పట్టదు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోవాలి.

అయోడిన్ ఉప్పు మానమని డాక్టరే చెప్పే సందర్భమూ ఒకటుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ (రేడియేషన్ వెలువరించే అయోడిన్ మందు) ఇచ్చే ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినమంటారు. ఆ రోజుల్లో చేపలు, గుడ్లు, పాలు పక్కన పెట్టి, అయోడిన్ కలపని ఉప్పుతో వండుకోవాలి.